సభ ముగిసిన పిమ్మట: నాంపల్లి, ఆబిడ్సు వీధులు

రాజధానీనగరమునకు సభలకై పోవువారు సాధారణముగ మూడు చూచి తిరిగివత్తురు: సభావేదిక, భోజనశాల, బసలోని గోడగడియారము. ఊరు చేరిన పిమ్మట ఇంటివారు “హైదరాబాదు ఎట్లున్నది?” అని అడుగగా, చెప్పుటకు వారివద్ద అధ్యక్షోపన్యాసము తప్ప మరేమియు నుండదు. మేమును పలుమారు అట్లే పోయి అట్లే వచ్చినవారము. ఈ పర్యాయము మాత్రము అట్లు చేయరాదని రైలులోనే నిశ్చయించుకొంటిమి.

మేము నలుగురము. నలుగురమును ఖమ్మము ప్రాంతపు గ్రంథాలయములలో పనిచేయువారము. మాలో పెద్దవారు పదవీవిరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయులు. ఇప్పుడు తమ ఊరి పఠనాలయమును చూచుకొనుచున్నారు. వారిని మేమందరము మాస్టారని పిలుతుము. గ్రంథాలయ సేవకుల సదస్సు శుక్ర, శని, ఆదివారములలో జరుగనుండెను. ఉదయము పదింటికి సభ ప్రారంభము, సాయంకాలము అయిదింటికి ముగింపు. తెల్లవారినది మొదలు పదివరకును, అయిదు మొదలు రాత్రి భోజనమువరకును కాలము మాదే. ఆ కాలములో కాలినడకన ఏమి చూడవచ్చునో, చూచినదానిలో ఏమి తెలియవచ్చునో శ్రోతలకు చెప్పుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

రైలు మమ్ము నాంపల్లిలో దింపినది. రైల్వేవారి కాగితములలో ఈ స్టేషను పేరు ‘హైదరాబాదు దక్కను’. ప్రజల నోట మాత్రము నాంపల్లియే. వాడి నుండి సికిందరాబాదునకు ఇనుపదారి 1874 లో వచ్చినది. నాంపల్లి స్టేషను 1907 నాటిది. దీనియందొక విశేషము కలదు. ఇచ్చటికి వచ్చిన రైలు ముందుకు సాగిపోదు. పట్టాలు ఇచ్చట ఆగును, నగరము ఇచ్చట మొదలగును. మూటాముల్లెతో దిగిన పల్లెవానికి కూడ ‘ఎక్కడ దిగవలెనో’ అను బెంగ లేదు, అందరును దిగుదురు.

నాంపల్లియను పేరునుగూర్చి పెద్దలు చెప్పునదేమనగా: గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షాహి కొలువులో రజాకులీ బేగ్ అను సేనాని యుండెను. అతనికి ‘నేక్‌నామ్ ఖాన్’ అను బిరుదము కలదు. నేక్‌నామ్ అనగా పారశీకమున మంచిపేరు కలవాడని అర్థము. ఆ నేక్‌నామ్ పేర వెలసిన ఊరు ప్రజల నాలుకపై అరిగి నాంపల్లి అయినదట. పారశీకపు బిరుదమునకు తెలుగు ‘పల్లి’ తోడై ఒక ఊరి పేరగుట ఈ నగరమునకే తగును.

స్టేషనుకు దాపుననే యూసుఫైన్ దర్గా కలదు. 1687 లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించినపుడు అతని సైన్యములో నుండిన యూసుఫ్, షరీఫ్ అను ఇరువురు భక్తుల సమాధులచ్చట నున్నవి. కోటను జయించిన చక్రవర్తి సమాధిని చూచుటకు ఈ వీధులనుండి ఎవరును పోరు. అతని సైనికులైన ఈ ఇరువురి సమాధులకు మాత్రము అన్ని మతములవారును పూలు తెచ్చుచున్నారు.

బసలో సామాను పెట్టి చాయ్ దుకాణమువద్ద నిలిచితిమి. ఉస్మానియా బిస్కత్తులు సాసరులో పెట్టి ఇచ్చుచు దుకాణదారు అడిగినాడు: “ఏడికెళ్లి వచ్చిన్రు సార్? మీటింగుకా?” ఔనంటిమి. అతడు నవ్వి, “మీటింగుకు వచ్చినోళ్లు చాయ్ తాగుతరు, పోతరు. ఊరు చూడరు” అన్నాడు. రైలులో మేము చేసికొనిన నిశ్చయమును అతడు మరల ముద్రవేసి ఇచ్చినట్లయినది.

తొలినాటి ఉదయము ఉత్తరముగ నడచి పబ్లిక్ గార్డెన్సు చేరితిమి. 1846 నాటి ఈ తోటకు పాతపేరు బాగే ఆమ్, అనగా అందరి తోట. పేరునకు తగినట్లే తెల్లవారుజామున అందరును ఉందురు: చెట్లక్రింద వ్యాయామము చేయు వృద్ధులు, కన్నులు నులుముకొనుచు వచ్చిన బాలురు, వార్తాపత్రికను బిగ్గరగా చదువుకొను పెద్దమనుషులు. తోటనానుకొని తెల్లని గుమ్మటములతో శాసనసభాభవనము కానవచ్చును. ఇది మొదట టౌన్ హాలు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ నలువదవ జన్మదినము సందర్భమున నగరప్రజలు చందాలు వేసికొని 1905 లో తలపెట్టగా 1913 లో పూర్తియైనది. ప్రజల ధనముతో ప్రభువు గౌరవార్థము కట్టిన కట్టడములో కాలక్రమమున ప్రజాప్రతినిధులే కూర్చుండిరి.

తోటలోని పురావస్తు ప్రదర్శనశాల 1930 లో ఏర్పడినది. అచ్చట ఈజిప్టు దేశపు మమ్మీ యొకటి కలదు. నయిషూ అను యువతి దేహమని చెప్పుదురు. ప్రదర్శనశాల తెరచువేళకు మా సభ మొదలగును. కావున దానిని మరునాడు మధ్యాహ్న విరామములో త్వరత్వరగా చూచితిమి. పిల్లలతో వచ్చువారు తప్పక చూడవలసినది. సెలవుదినమేదో ముందుగ కనుగొని పోవుట మేలు.

ఈ తోటయందే 1938 లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు స్వదేశీ వస్తుప్రదర్శనము నొకదానిని ఏర్పాటు చేసిరి. అదే నేటి ‘నుమాయిష్’. 1946 లో తోట చాలక నాంపల్లి ప్రదర్శన మైదానమునకు మారినది. ఏటేట జనవరి 1 మొదలు ఫిబ్రవరి 15 వరకు జరుగుట వాడుక. సభ ఆ రోజులలో వచ్చినచో ప్రతినిధులు సాయంకాలము కనబడకపోవుట ఆశ్చర్యము కాదు. శాలువలు, తివాచీలు, గాజులు, తినుబండారములు వారిని పట్టియుంచును.

తోటకు ప్రక్కనే 1985 లో తెలుగు విశ్వవిద్యాలయము వెలసినది. పొట్టి శ్రీరాములు పేర నడచిన ఆ సంస్థకు 2025 లో తెలంగాణ శాసనసభ సురవరము ప్రతాపరెడ్డి పేరు పెట్టినది. ఈ రెండవ పేరును శ్రోతలు గుర్తుంచుకొందురుగాక. మరల దానితో పనిపడును.

పదిగంటలకు సభామందిరము చేరితిమి. ఆనాటి మధ్యాహ్నము ఆదిలాబాదు జిల్లానుండి వచ్చిన ఒక యువతి మాటాడుటకు లేచినది. ఆమె ఒక గ్రామములో చిన్న పఠనాలయమును నడుపుచున్నది. అచ్చటి పిల్లలు ఇంటిలో గోండి మాటాడుదురు, బడిలో తెలుగు చదువుదురు. తమ ఇంటిభాషలో పుస్తకమేదియు లేనందున పఠనాలయపు గడప తొక్కుటకు జంకెడివారట. ఆదివారములలో ఆమె ఊరి పెద్దలను పిలిచి గోండిలో కథలు చెప్పించి, వానిని పిల్లలచేత తెలుగు లిపిలో వ్రాయించి, కుట్టి, బీరువాలో నుంచుచున్నది. ఈ సంగతిని ఆమె తన ప్రాంతపు తెలుగులోనే చెప్పుచుండెను. నడుమ రెండు గోండి మాటలు దొర్లినవి. వెనుకవరుసలో కొందరు నవ్విరి. ఆ నవ్వు ముందువరుసకును ప్రాకినది. యువతి తొట్రుపడి, వ్రాసికొని వచ్చిన కాగితమును మడచి, చెప్పవలసినదానిలో సగము చెప్పకుండగనే కూర్చుండెను. కార్యక్రమము ముందుకు సాగిపోయినది. మేమును నవ్వలేదు గాని, నవ్విన ప్రక్కవారిని వారింపనులేదు. మాస్టారు మాత్రము ఆ పూటంతయు మాటాడలేదు.

సాయంకాలము నాంపల్లి స్టేషను రోడ్డువెంట ఆబిడ్సువైపు నడచితిమి. దారిలో ‘గోల్డెన్ త్రెషోల్డ్’ అను పాతభవనము కలదు. బంగారు గడపయని మనము చెప్పుకొనవచ్చును. ఇది నిజాం కళాశాల తొలి ప్రధానాచార్యులు అఘోరనాథ చట్టోపాధ్యాయుల నివాసము. వారి కుమార్తె సరోజినీ నాయుడు పెరిగిన ఇల్లు. 1905 లో వెలువడిన ఆమె తొలి కవితాసంపుటి పేరే ఇంటికిని నిలిచినది. 1974 లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము మొదలైనదియు ఈ గడపలోనే. బెంగాలునుండి వచ్చిన కుటుంబము, తెలుగువాడైన గోవిందరాజులు నాయుడుతో వివాహము, ఇంగ్లీషులో కవిత్వము, ఉర్దూ నగరములో బాల్యము: ఒక్క ఇంటిలో ఇన్ని భాషలు ఇమిడినవి.

ఇంకను సాగినచో చిరాగ్ అలీ సందు. పందొమ్మిదవ శతాబ్దమున నిజాము ప్రభుత్వములో ఆర్థికశాఖ కార్యదర్శిగ నుండిన పండితుడు మౌల్వీ చిరాగ్ అలీ పేర ఏర్పడినది. రేడియో పెట్టె గల ఇంటివారు ఈ సందును ప్రత్యేకముగ తలచుకొనవలెను. హైదరాబాదులో తొలి రేడియో ప్రసారము ఈ సందునుండియే, మహబూబ్ అలీ అను ఔత్సాహికుని స్వంతయత్నముతో మొదలైనదని చెప్పుదురు. పిమ్మట 1935 లో నిజాము ప్రభుత్వము దక్కన్ రేడియోను నడపసాగెను. 1950 ఏప్రిలు 1 న అది ఆకాశవాణిలో చేరినది. నేడు ఆ సందులో చెవికి వినవచ్చునది మోటారుకూతలే. అయినను వార్తలు వినుటకు సాయంకాలము పెట్టెచుట్టు చేరు అలవాటునకు ఈ నగరములో మొదలు ఇచ్చటనే.

ఆబిడ్సు కూడలిలో పెద్ద తపాలా కార్యాలయము, నెహ్రూ విగ్రహము, నలువైపుల దుకాణములు. ఈ ప్రాంతమునకు పేరిచ్చినవాడు పాలకుడు కాడు, దండనాయకుడు కాడు, ఒక దుకాణదారుడు. ఆర్మేనియా జాతీయుడు ఆల్బర్ట్ ఆబిద్ ఆరవ నిజాముయొక్క దుస్తుల పర్యవేక్షకుడు. ప్రభువు అలమారలను చూచుకొనుచునే ఇచ్చట పెద్ద దుకాణము నెలకొల్పెను. జనులు ‘ఆబిద్ షాపు’ అనసాగిరి. దుకాణము పోయినది, పేరు నిలిచినది.

ఈ ఆబిద్ మధ్యవర్తిగా 1891 లో ఒక గొప్ప వజ్రము బేరమునకు వచ్చినది. సిమ్లా వర్తకుడు జేకబ్ తెచ్చిన ఆ రాయి న్యాయస్థానమువరకు పోయి, తుదకు నిజామునకే దక్కెను. ఆయన విసుగుతో దానిని మూలకు పడవేయగా, తరువాత ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీఖానునకు అది పాతచెప్పు ముందుభాగములో దొరికినదట. కాగితములు ఎగిరిపోకుండ బరువుగ నుంచుకొనెనట. 1995 లో భారత ప్రభుత్వము నిజాము నగలను కొన్నపుడు ఆ రాయియు అందులో చేరినది. నేడు ఇనుపగదిలో నున్నది.

ఏ 1891 లో వజ్రపు బేరము సాగెనో, ఆ యేడే ఇదే ఆబిడ్సులో మరియొకటి మొదలైనది: అసఫియా గ్రంథాలయము. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామి మొదలగు విద్వాంసుల పూనికతో ఏర్పడి, 1936 లో అఫ్జల్‌గంజిలోని మూసీతీరపు భవనమునకు మారి, రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైనది. వజ్రమును చూడవలెనన్న ప్రభుత్వము ప్రదర్శన పెట్టువరకు వేచియుండవలెను. గ్రంథాలయమునకు నేడును ఎవరైనను పోయి కూర్చుండవచ్చును. గ్రంథాలయ సేవకులమైన మాకు ఈ లెక్క మిక్కిలి సంతోషము కలిగించినది.

శనివారము ఉదయము గన్‌ఫౌండ్రీ చూచితిమి. ఫ్రెంచి సేనాని రేమండ్ 1786 లో నిజామునకు ఫిరంగులు పోతపోయుటకు ఏర్పాటు చేసిన కార్ఖానా ఇది. ‘తోప్ కా సాంచా’ అని పాతపేరు. సమీపముననే సెయింట్ జోసెఫ్ క్రైస్తవ దేవాలయము, ఆవల నిజాం కళాశాల, దాని ఎదుట లాల్ బహదూర్ క్రీడాప్రాంగణము. క్రీడాప్రాంగణపు పాతపేరు ఫతే మైదాన్. 1975 ఏప్రిలులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు ఆ మైదానముననే జరిగినవి. 2017 డిసెంబరులో మరల అచ్చటనే తెలుగువారు దేశదేశములనుండి వచ్చి చేరిరి. మైదానపు ద్వారమువద్ద మాస్టారు నిలిచి, “ఇది చివర చూడవలసిన చోటు. మొదలు చూడలేదు మీరు. సాయంకాలము చూపెదను” అన్నారు.

సాయంకాలము వారు మమ్ము ఆబిడ్సు దాటించి, కోఠివైపు, జాంబాగులోని వివేకవర్ధినీ విద్యాసంస్థవద్దకు తీసికొనిపోయిరి. ఇది మహారాష్ట్రులు 1907 లో నెలకొల్పిన సంస్థ. “ఇచ్చటనే” అని మాస్టారు చెప్పనారంభించిరి.

1921 నవంబరులో ఈ వివేకవర్ధినిలో సంఘసంస్కార మహాసభ జరిగినది. స్త్రీవిద్యకై జీవితమును ధారపోసిన మహర్షి కర్వే అధ్యక్షులు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో, కన్నడములో ఉపన్యాసములు సాగినవి. ఒక తీర్మానముపై మాటాడుటకు న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగున ప్రారంభించెను. అంతట సభలో నవ్వులు, కేకలు, చప్పట్లు చెలరేగినవి. ఆయన మాట ముందుకు సాగలేదు. రాజ్యప్రజలలో దాదాపు సగముమంది ఇంట మాటాడు భాష సభలో వినరాని భాషయైనది.

అది ఒక్క సాయంకాలపు అల్లరి మాత్రమే కాదని మాస్టారు వివరించిరి. నాటి నిజాము రాజ్యములో కచేరీభాష ఉర్దూ. 1918 లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు బోధనాభాషయు ఉర్దూయే. ఉద్యోగములలో, వ్యాపారములలో ముందుండినవారిలో ఇతర భాషలవారు పలువురు. తెలుగు పల్లెలభాషగ, వంటింటిభాషగ ఎంచబడుచుండెను. తెలుగువాడే నలుగురిలో తెలుగు మాటాడుటకు వెనుదీయువాడు. నవ్వినవారిలో సంస్కర్తలును ఉండిరనుట మరువరాదు. వారు దుర్మార్గులు కారు. అలవాటు వారిచేత నవ్వించినది.

ఆ రాత్రియే కొద్దిమంది తెలుగువారు టేకుమాల రంగారావు ఇంట చేరి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. కేకలకు కేకలు బదులిచ్చుట వారి కార్యక్రమము కాదు. గ్రంథాలయములు, పఠనాలయములు, పాఠశాలలు నెలకొల్పవలెననియు, తెలుగు చదువు పెంపొందింపవలెననియు వారు తలపెట్టిరి. మాడపాటి హనుమంతరావు మొదలగువారు దానికి ఏండ్లతరబడి చాకిరిచేసిరి. 1928 లో హనుమంతరావు పూనికతో తెలుగు మాధ్యమమున బాలికల పాఠశాల ఏర్పడినది. 1930 లో ఆంధ్ర మహాసభ మెదకు జిల్లా జోగిపేటలో తొలిసారి సమావేశమైనది. దాని అధ్యక్షులు సురవరము ప్రతాపరెడ్డి. నాంపల్లి విశ్వవిద్యాలయమునకు నేడున్న పేరు వారిదే.

మాస్టారు మమ్ము అచ్చటినుండి సుల్తాన్ బజారునకు నడిపించిరి. అచ్చట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము కలదు. 1901 సెప్టెంబరు 1 న రావిచెట్టు రంగారావు ఇంట మొదలైన గ్రంథాలయమిది. కొమఱ్ఱాజు వెంకటలక్ష్మణరావు, మునగాల ప్రభువు నాయని వెంకటరంగారావు దానికి అండగ నిలిచినవారు. నాడు సుల్తాన్ బజారు బ్రిటిషు రెసిడెన్సీ అధికారమునకు లోబడిన ప్రాంతము. నగరములో తక్కిన చోట్ల సభ జరుపుటకు గల చిక్కులు ఇచ్చట తక్కువ. అందుచే తెలుగు గ్రంథాలయమునకు ఇచ్చట వేరు దొరకినది. లోపల వృద్ధుడొకరు పాతపత్రికపై వంగి చదువుకొనుచుండిరి. పోటీపరీక్షలకు చదువు యువకులు కొందరు ఉండిరి. మేము పలుకక పావుగంట కూర్చుంటిమి.

తిరుగుదారి తిలక్ రోడ్డు. ఆబిడ్సులో 1918 లో ఏర్పడిన రెడ్డి వసతిగృహము కలదు; రాజాబహదూర్ వెంకటరామారెడ్డి దాని పోషకులు. పల్లెలనుండి వచ్చిన విద్యార్థులు ఎందరో అచ్చట తిని, పడుకొని, చదువుకొనిరి. అచ్చటనే 1943 మే 26 న నిజాము రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు పుట్టినది. తరువాత ఆంధ్ర సారస్వత పరిషత్తుగ, నేడు తెలంగాణ సారస్వత పరిషత్తుగ, తిలక్ రోడ్డులో స్వంతభవనముతో నున్నది. ప్రాథమిక, ప్రవేశ, విశారద పరీక్షల ద్వారా వేలమందికి తెలుగు నేర్పినది. మా మాస్టారు వారి తండ్రిగారు విశారద పరీక్ష వ్రాసి తెలుగు పంతులైనవారట. ఆ సంగతి మాస్టారు మాకు చెప్పుట అదే తొలిసారి.

భవనము ముందు దీపముక్రింద నిలిచి వారిట్లనిరి: “నిన్న ఆ బిడ్డ మాటాడునపుడు నవ్వినది ఎవరు? తెలుగువారమే కదా. 1921 లో మనలను చూచి నవ్వినవారి కుర్చీలో నేడు మనము కూర్చుంటిమి.” మేము తలలు వంచుకొంటిమి. జాంబాగునుండి ఫతే మైదానువరకు కాలినడకన పోవచ్చును. తెలుగునకు ఆ దూరము నడచుటకు యాబదినాలుగేండ్లు పట్టినది. ఆ నడకలో ప్రతి మైలురాయియు ఒక గ్రంథాలయమో, ఒక వసతిగృహమో, ఒక బడియో. గోండి పిల్లల పుస్తకములు నేడు ఆ దారి మొదటనే ఉన్నవి.

ఆదివారము ఉదయము ఆబిడ్సు రూపమే వేరు. మూతపడిన దుకాణముల ముందు, కాలిబాటపై, పాతపుస్తకముల సంత తీరును. నిఘంటువులు, నవలలు, వైద్యగ్రంథములు, పిల్లల బొమ్మలపుస్తకములు గుట్టలుగ నుండును. పుస్తకప్రియులు తెల్లవారగనే వచ్చి మోకాళ్లపై కూర్చుండి ఏరుకొందురు. బేరమాడుట అచ్చటి మర్యాదయే. మాలో ఒకరికి అట్ట ఊడిన వ్యాకరణ గ్రంథమొకటి దొరకినది.

అచ్చట ఆదిలాబాదు యువతి కానవచ్చెను. బొమ్మలపుస్తకములు సంచినిండ ఏరుకొనుచుండెను. మాస్టారు దగ్గరకు పోయి, “అమ్మా, మొన్న చెప్పవలసినది మిగిలిపోయినది కదా?” అనిరి. ఆమె లేచి నమస్కరించి, “పోనీ సార్. నవ్వితె నవ్విన్రు. పిల్లలు ఎదురుచూస్తుంటరు, వాళ్లకు పుస్తకాలు కొంటున్న” అన్నది. “ఈ మధ్యాహ్నము నాకు పదినిమిషములు ఇచ్చినారు. అవి నీవు తీసికొనవలెను” అనిరి మాస్టారు. ఆమె తలయూపలేదు; కాదనియు అనలేదు.

మధ్యాహ్నము మాస్టారు వేదికనెక్కి 1921 నాటి సంగతి మూడు వాక్యములలో చెప్పి, తన వంతు ఆమెకిచ్చి దిగివచ్చిరి. ఆమె కుట్టిన నోటుపుస్తకమొకటి తెరచి, ఒక గోండి కథను మొదట గోండిలో, పిదప తెలుగున చదివినది. ఎవరును నవ్వలేదు. వెనుకవరుసనుండి ఒకరు లేచి, ఆ లిపి చదువుటకు పిల్లలకు ఎంతకాలము పట్టినదని అడిగిరి. పని తెలిసినవారు అడుగు ప్రశ్న అది. ఆదిలాబాదు ఆకాశవాణి గోండిలోను కార్యక్రమములు ప్రసారము చేయుచున్నదని, ఆ కథలను గ్రంథాలయములు వ్రాసి దాచవచ్చునని మరియొకరు సూచించిరి. తీర్మానములలో ఒకటి ఎక్కువైనది: జిల్లా గ్రంథాలయములు తమ ప్రాంతపు ఇంటిభాషలలోని కథలను సేకరింపవలెనని. తీర్మానములు కాగితముపై నిలిచిపోవుట మాకు తెలియనిది కాదు. అయినను ఆ కుట్టు నోటుపుస్తకము మాత్రము సభలో చేతులు మారుచు చివరివరుసవరకు పోయి వచ్చినది.

రైలునకు ముందు రెండుగంటలు మిగిలినవి. మొజంజాహి మార్కెటునకు పోతిమి. నాంపల్లి, ఆబిడ్సులు కలియుచోట 1935 లో నల్లరాతితో కట్టిన అంగడి ఇది. ఏడవ నిజాము రెండవ కుమారుడు మొజ్జమ్ జా పేర వెలసినది. నడిమి గడియారపు గోపురము దూరమునకే కానవచ్చును. శిథిలమగుచుండిన ఈ కట్టడమును బాగుచేసి 2020 లో మరల తెరచిరి. పండ్ల మీగడతో చేయు ఐస్‌క్రీముకై జనులు రాత్రి ప్రొద్దుపోవువరకు ఇచ్చట నిలుతురు. సమీపముననే కరాచీ బేకరీ. దేశవిభజన పిమ్మట సింధునుండి వచ్చిన ఖాన్‌చంద్ రమ్‌నానీ 1953 లో ప్రారంభించినది. ఆర్మేనియావాని పేట, ఫ్రెంచివాని ఫిరంగి కార్ఖానా, బెంగాలీవారి బంగారు గడప, మహారాష్ట్రుల విద్యాసంస్థ, సింధీల బిస్కత్తులు: ఒక్క నడకలో ఇన్ని దేశములవారు ఎదురగుదురు. వారందరికి చోటిచ్చిన నగరము తెలుగునకును చివరకు చోటిచ్చినది. అయితే అడుగనిదే ఇచ్చినది కాదు.

సభలకై హైదరాబాదు పోవు శ్రోతలకు మాకు తోచినది చెప్పి ముగించెదము. బస నాంపల్లిలోనో ఆబిడ్సులోనో దొరకినచో తీసికొనుడు. శాసనసభ, నాంపల్లి, గాంధీభవన్ అను మూడు మెట్రో స్టేషనులు 2018 నుండి ఈ ప్రాంతమున నున్నవి. అలసినవారికి అవి ఉపయోగకరములు. అయినను ఉదయము ఎండ ముదురకముందు తోట, సాయంకాలము స్టేషను రోడ్డు, ఆదివారము పుస్తకముల సంత మాత్రము కాలినడకననే చూడుడు. జాంబాగునుండి సుల్తాన్ బజారుమీదుగ తిలక్ రోడ్డువరకు ఒక్క సాయంకాలము తప్పక నడువుడు. పిల్లలుండినచో వారిని వెంటగొనుడు.

నాంపల్లిలో రైలెక్కునపుడు ఆ చాయ్ దుకాణదారు మమ్ము గుర్తుపట్టి, “ఊరు చూసిన్రా సార్?” అని అడిగినాడు. చూచితిమని చెప్పితిమి. మాస్టారు మాత్రము, “మొదలు చూచినాము బాబూ” అనిరి.